మబ్బుల పద్దు

అప్పడాలు చేసి అమ్ముకునేవాళ్ళు ఆకాశం చూడటం మామూలే. నేను రోజుకి ఎన్నిసార్లు చూస్తానో మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఒకరోజు పందెం వేసుకుని లెక్కపెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళకే నలభై దాటిందట. ఆ రోజు వైశాఖం ఎండ. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. ఈ సంగతి చాలా రోజుల తర్వాత నవ్వుకుంటూ చెప్పారు. నేనూ నవ్వాను. కానీ వాళ్ళు లెక్కపెట్టినవి బయటికి కనపడ్డవే.

మాది బరంపురం, ఒడిశాలో గంజాం జిల్లా. పుట్టిల్లు ఇచ్ఛాపురం, రైలెక్కితే అరగంట. రాష్ట్రం దాటానని కూడా అనిపించదు, స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారతాయంతే. పట్టుచీరలకి మా ఊరికి ఎంత పేరుందో అప్పడాలకీ ఊరగాయలకీ అంత పేరుంది. మా అత్త మొదట్లో బడా బజార్ షావుకారు దగ్గర పిండి తెచ్చుకుని, కిలోకి ఇంత అని కూలికి అప్పడాలు ఒత్తేది. తర్వాత సొంతంగా పెట్టింది. ఆవిడ మోకాళ్ళు పోయాక 2016లో పద్దు పుస్తకం నా చేతికొచ్చింది. ఇప్పుడు పద్నాలుగు మంది ఆడవాళ్ళకి ఇది జీవనం. అయిదుగురు మా ఇంట్లోనే పనిచేస్తారు, తొమ్మిది మంది పిండి పట్టుకెళ్ళి వాళ్ళ ఇళ్ళలో ఒత్తి తెస్తారు. తెలుగువాళ్ళు నన్ను అప్పా అంటారు, ఒడియావాళ్ళు అపా అంటారు. రెండిటికీ అర్థం అక్క అనే.

అప్పడం ఎండితే చాలదు, సరిగ్గా ఎండాలి. ఎండ ఎక్కువైతే అంచులు వంకర్లు పోయి కట్ట కడుతుంటేనే విరిగిపోతాయి. తక్కువైతే ప్యాకెట్లో బూజు పడుతుంది. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, గాలిలోనే తడి ఉంటుంది. అందుకని మేడ మీద పరిచిన చాపల దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే అయ్యాను.

దానికి తోడు మాకు అక్టోబరు ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. గోపాలపూర్ మాకు పదిహేను కిలోమీటర్లు. అప్పటికి మా పాపకి ఏడాది నిండలేదు. దాన్ని దుప్పట్లో చుట్టుకుని మెట్ల కింద కూర్చున్నాం. మేడ మీది రేకుల షెడ్డు ఊడి లేచిపోవడం చెవులతో విన్నాను. తెల్లారి చూస్తే అది పక్కవీధిలో ఉంది. పండగకని చేసి ఉంచిన మూడు క్వింటాళ్ళ సరుకు తడిసి ముద్దయింది. మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. 2018లో అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లా మీదికి పోయింది. పర్లాకిమిడిలో ఉన్న మా చెల్లెలు మూడు రోజులు ఫోనుకి దొరకలేదు. అప్పట్నుంచీ వినాయకచవితి వెళ్తే చాలు, నా కడుపులో తిప్పడం మొదలు. ఊరంతా దసరా బట్టలు కొనుక్కుంటుంటే నేను గాలి ఎటు వీస్తోందా అని చూసేదాన్ని.

ఇదంతా జబ్బని ఎవరనుకుంటారు? జాగ్రత్త అనుకుంటారు. "మా కోడలికి కంటి మీద కునుకుండదు" అని మా అత్త చుట్టాల దగ్గర గొప్పగా చెప్పేది. నాకూ అది గొప్పగానే ఉండేది.

2022 చలికాలం నుంచి అది ముదిరింది. విశాఖపట్నంలో ఒక డిస్ట్రిబ్యూటర్‌కి సరుకు వేయడం మొదలుపెట్టాం. పెద్ద ఆర్డర్లు. డబ్బు మాత్రం నాలుగైదు నెలలకి గానీ రాదు. ఇటు బ్యాంకు వాయిదా నెల నెలా కట్టాలి. మినప్పప్పు రేటు మన చేతిలో ఉండదు. కూలి శనివారం సాయంత్రం ఇవ్వాలి, ఆ రోజు ఆగితే వాళ్ళింట్లో పొయ్యి ఆగుతుంది. రాత్రి మూడు గంటలకి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేది. బిల్లు రాకపోతే, పప్పు కొనలేకపోతే, పని ఆపేస్తే, వీళ్ళంతా ఇంకో షావుకారు దగ్గరికి పోతే, అత్త కష్టపడి పెట్టింది నా చేతిలో మునిగితే... తెల్లారేదాకా ఇదే. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే దవడలు నొప్పి, రాత్రంతా పళ్ళు బిగించి పడుకున్నందుకు. ఫోను మోగితే ముందు బాత్రూముకి పరిగెత్తి, వచ్చాక తిరిగి చేసేదాన్ని. అతికించిన ప్యాకెట్లు విప్పి మళ్ళీ అతికించేదాన్ని, యాభైలో పది. పాప స్కూలు ఫీజు స్లిప్పు చూపిస్తే దాని మీద అరిచాను. ఏం చేసిందని? ఫీజు కట్టే తేదీ చెప్పింది.

ఆ భయం మొదటిసారి ఒంటి మీద దాడి చేసిన రోజు ఏ కష్టమూ లేదు. ఇది నాకు ఇప్పటికీ విచిత్రమే. 2023 ఏప్రిల్, ఊళ్ళో ఠాకురాణి యాత్ర జరుగుతోంది. రెండేళ్ళకొకసారి వచ్చే జాతర, సరుకు నిలబడకుండా అమ్ముడుపోతుంది. ఇంగువ కొందామని బడా బజార్ వెళ్ళాను. కొట్టువాడు తూకం వేస్తున్నాడు. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చినట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి సగంలో ఆగిపోయింది. చుట్టూ డప్పులు, జనం. నేను చచ్చిపోతున్నాను, పాప స్కూల్లో ఉంది, బీరువా తాళాలు ఎక్కడ పెట్టానో మా ఆయనకి తెలియదు. నాకొచ్చిన చివరి ఆలోచన అదే, తాళాలు.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగరు అన్నీ చేశారు. అన్నీ బాగానే ఉన్నాయి. హీమోగ్లోబిన్ ఒక్కటే 9.2. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. "గ్యాస్ అయ్యుంటుందమ్మా, టెన్షన్ పడకండి" అన్నారు. బిల్లు పదకొండు వేలు. టెన్షన్ పడకండి అన్న మాట ఇంత ఖరీదు పెట్టి నేనెప్పుడూ కొనలేదు.

తర్వాత రెండు నెలల్లో ఇంకో మూడుసార్లు వచ్చింది. బడా బజార్ వెళ్ళడం మానేశాను, ఎక్కడ వచ్చిందో అక్కడే మళ్ళీ వస్తుందని. ఇంగువ మా ఆయన తెచ్చేవాడు. ఆయనకి వాసన పట్టదు, రెండుసార్లు నాసిరకం తెచ్చాడు. తర్వాత బ్యాంకు మానేశాను, ఆ తర్వాత ఆటో ఎక్కడం. చివరికి నాకు మిగిలింది మా మేడ. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. అత్త తారాతారిణికి మొక్కుకుంది. ఋషికుల్యా ఒడ్డున ఆ కొండకి 999 మెట్లు. సగం మెట్లకి గుండె దడ వచ్చింది. అది ఎక్కిన ఆయాసమో, ఆ భయమో తేల్చుకోలేక మెట్టు మీద కూలబడ్డాను. అత్త పక్కన కూర్చుని కొబ్బరినీళ్ళు తాగించి, "అమ్మ ఇక్కడి దాకా రమ్మంది కాబోలు, దండం పెట్టుకో, దిగిపోదాం" అంది. ఆవిడ మంచితనం గుర్తొస్తే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఒక పొరపాటు కూడా చేశాను, దాచుకోను. నిద్రపట్టడం లేదని మెడికల్ షాపులో అడిగితే చిన్న తెల్ల మాత్ర ఇచ్చి సగం వేసుకోమన్నాడు. చీటీ అడగలేదు. ఆ సగం మాత్ర మాయలా పనిచేసింది. నెల తిరిగేసరికి సగం చాలలేదు, ఒకటి కావాల్సి వచ్చింది. వేసుకోని రోజు చేతులు వణికేవి. అలవాటు పడిపోయే రకం మందు అదని, చీటీ లేకుండా అమ్మకూడదని నాకు తర్వాత తెలిసింది.

జూన్‌లో ఒక రాత్రి, మూడు దాటాక, 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టిన నంబరు. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు పడవు. ఆ నంబరు ఎక్కడో గోడ మీద చూసి, సరుకుల చీటీ వెనక రాసి పెట్టుకున్నాను. ఏ భాష కావాలో ఎంచుకోమంటే తెలుగు నొక్కాను. అవతలి అమ్మాయి పేరూ ఊరూ అడక్కుండా, "ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు? పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది. మేడ మెట్ల మీద, ఒక్కదాన్నే అన్నాను. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చచ్చిపోతానేమోనని భయంతోనే కదమ్మా నేను చస్తున్నది, అన్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆ మాత్ర సంగతి చెప్తే మాత్రం గొంతు మారింది. దాన్ని ఒక్కసారిగా ఆపొద్దు, అలాగని పెంచొద్దు, పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళి ఈ మాట మొదట చెప్పండి అంది.

వెళ్ళడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. కారణం సిగ్గు. మా పేటలో ఆ డాక్టర్‌కి ఒకటే పేరు, పిచ్చి డాక్టర్. పిల్ల పెళ్ళి దాకా లెక్కలు వేశాను, పిల్లకి అప్పటికి పదేళ్ళు. చివరికి మాస్కు పెట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాను. వరసలో నా పక్కన కూర్చున్నావిడ కూడా మాస్కు పెట్టుకునే ఉంది. అయిదు నిమిషాలకి ఇద్దరం గుర్తుపట్టుకున్నాం. గేట్ బజార్‌లో మా అప్పడాలు అమ్మే కొట్టాయన భార్య. ఇద్దరం ఒకేసారి గోడ వైపు చూశాం. కాసేపాగి ఆవిడే, "పెసర అప్పడాలు ఈ మధ్య పంపడం లేదేంటి?" అంది. అక్కడే పది కిలోల ఆర్డర్ రాసుకున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకన్నా పదేళ్ళు చిన్నది. ఒడియాలో ఏమవుతోందో చెప్పమంది. నేను ఒడియాలో లెక్క చెప్పగలను, బేరమాడగలను, అవసరమైతే తిట్టగలను. గుండెలో గుబులుకి మాత్రం మాట దొరకలేదు. గొణుగుతుంటే, "తెలుగులో చెప్పండి, నాకు అర్థమవుతుంది" అంది. ఇక ఆపలేదు నేను. దిగులు, బెంగ, గాబరా, దడ, కంగారు, గుబులు అన్నీ కలిపి చెప్పేశాను. ఆవిడ కలం ఆపి, "ఇవన్నీ ఒకటేనా?" అంది. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. ఆలోచిస్తే ఒకటి కాదు. దిగులు జరిగిపోయినదాని మీద ఉంటుంది. బెంగ దూరమైనవాళ్ళ మీద. గాబరా కళ్ళముందు ఉన్నదాని మీద. గుబులు మాత్రం ఇంకా రానిదాని మీద, రాదేమో కూడా. నాది గుబులు, అప్పుడప్పుడు దడ. ఆవిడ దాన్ని ఇంగ్లీషులో ఏదో రాసుకుంది.

చెప్పిన సంగతులు నాకు గుర్తున్నంత వరకు ఇవి. గుండెకి జబ్బు లేదు. ఒంట్లో ప్రమాదం వస్తే మోగే గంట ఉంటుంది, నాది ప్రమాదం లేకుండానే మోగుతోంది. బజార్లో వచ్చింది పానిక్ ఎటాక్, మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి తగ్గుతుంది, ప్రాణం తీయదు. ఆరు నెలలకి మించి రోజూ ఉన్న ఆదుర్దా వేరే పద్దు, దానికీ వైద్యం ఉంది. ఆడవాళ్ళలో ఇది మగవాళ్ళకంటే దాదాపు రెట్టింపు. రక్తం తక్కువున్నా గుండె దడగా ఉంటుంది, అందుకని ఐరన్ మాత్రలు వేసుకోవాలి. రోజుకి ఎన్ని టీలు తాగుతారని అడిగితే ఏడు అన్నాను. రెండు చేయమంది. నిజం చెప్పొద్దూ, అన్నిట్లోకీ అదే కష్టమైంది.

మందు రాసింది. అది పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారం కంగారు కాస్త పెరగొచ్చని, భయపడి ఆపేయొద్దని ముందే చెప్పింది. ముందే చెప్పింది కాబట్టి బతికిపోయాను. అయిదో రోజు మా ఆయన మాత్రల డబ్బా పారేయబోయాడు. మెడికల్ షాపు మాత్రని మాత్రం ముక్క ముక్కగా తగ్గించి ఆరు వారాల్లో మాన్పించింది.

మందు దడని తగ్గించింది. గుబులు అంత తేలిగ్గా పోలేదు. దానికి కౌన్సెలింగ్ అని వారానికోసారి కూర్చోవాలి. అక్కడి మేడమ్ రెండోసారి వెళ్ళినప్పుడే అడిగింది. "మీరు భయపడటం మానేస్తే ఏమవుతుంది?"

"వ్యాపారం ఆగిపోతుంది" అన్నాను. ఆలోచించుకోలేదు, నోట్లోంచి అదే వచ్చింది.

ఆవిడ ఏమీ అనలేదు. నాకే ఆ మాట వింతగా వినపడింది. ఇన్నేళ్ళూ అప్పడాలు ఎండుతున్నది ఎండకి కాదు, నా భయానికే అనుకుంటున్నానన్నమాట. నా దగ్గర పద్నాలుగు మంది కాదు, పదిహేను మంది పనిచేస్తున్నారు. పదిహేనోది భయం. దానికి నిద్ర, ఆకలి, పిల్లతో ఆడుకునే సాయంత్రాలు కూలిగా ఇస్తున్నాను. అదేం పని చేస్తోందో ఒక్కరోజైనా అడగలేదు.

ఆవిడ ఒక పద్దు రాయమంది. మబ్బు చూసి గుండె జారిన ప్రతిసారీ ఒక గీత. నిజంగా వాన పడితే పక్కన ఒక చుక్క. నాకు పద్దు రాయడం చేతనైన పనే కదా. ఆగస్టులో ముప్పై రోజులు రాశాను, అదీ వానాకాలంలో. అరవై ఒక్క గీతలు, పదకొండు చుక్కలు. ఆ పదకొండింటిలో తొమ్మిదిసార్లు నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికే మా వాళ్ళు చాపలు ఎత్తేసి ఉన్నారు. మిగిలిన రెండుసార్లు నేను ముందు పైకి వెళ్ళాను, కానీ ఏ చాప ముందు తీయాలో తేల్చుకోలేక వాళ్ళకి అడ్డం పడ్డాను. ఈ సంగతి వాళ్ళని అడిగి మరీ రాసుకున్నాను. పదిహేనో మనిషి పనితనం అదీ.

ఆ లెక్క చూశాక పెట్టిన పరీక్ష ఇంకా ఘోరం. రోజుకి ఒక గంట, మధ్యాహ్నం, నేను మేడ ఎక్కకూడదు. కిటికీలోంచి కూడా చూడకూడదు. ఎవరినీ అడగకూడదు. మొదటి రోజు ఆ గంటలో వంటింటి గూళ్ళన్నీ కడిగాను. ఇంకో పరీక్ష, ఇంటి మెట్లు గబగబా ఎక్కి దిగి గుండెని కావాలని దడదడలాడించి, అది తగ్గేదాకా కదలకుండా కూర్చోవడం. తారాతారిణి మెట్ల మీద నాకు తెగని ప్రశ్న ఇక్కడ తెగింది. దడ దడే. దాని మీద నేను అతికించే చీటీలే వేరు.

ఇంకొకటి, గుబులుకి వేళ పెట్టడం. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడు. మిగతా వేళల్లో వస్తే పుస్తకంలో ఒక మాట రాసి ఆపాలి, ఆరున్నరకి తెరవాలి. ఇది వినగానే నాకు కోపం వచ్చింది, బాకీవాడు మనం చెప్పిన వేళకి వస్తాడా అని. చిత్రంగా, సగం బాకీలు ఆరున్నరకి రాలేదు. మా ఆయనకీ ఒక పని అప్పచెప్పారు. అంతకుముందు నేను రోజుకి ఇరవైసార్లు "ఏం కాదు కదండీ?" అని అడిగితే ఆయన ఇరవైసార్లు "ఏం కాదులే" అనేవాడు. ఆ జవాబు ఆపమన్నారు, పది నిమిషాలకే చల్లారిపోయే ధైర్యం అదని. ఇప్పుడు "పుస్తకంలో రాశావా?" అంటాడు. మంచిదే, ఒప్పుకుంటాను. ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరులో ఒకరోజు ఆ గంటలోనే, నేను కింద ఉండగా, ఎండలోనే కుండపోతగా వాన పడింది. పద్దెనిమిది కిలోలు తడిశాయి. మా పెద్దావిడ, అత్త కాలం నుంచీ పనిచేస్తున్న మనిషి, తడిసిన చాప పట్టుకుని ఏడ్చేసింది. నేను కాగితం తీసి లెక్కేశాను, నాలుగు వేల చిల్లర. ఇన్నేళ్ళు రాత్రిళ్ళు మేలుకుని నేను కాపాడుకున్నది ఇది. ఆసుపత్రిలో టెన్షన్ పడకండి అన్నందుకు కట్టింది దీనికి రెండున్నర రెట్లు. "పోనీలే అప్పా, రేపు ఒత్తుకుందాం" అన్నాను ఆవిడతో. ఆ రాత్రి పది గంటలకి పడుకుంటే అయిదింటికి మెలకువ వచ్చింది.

పుస్తకం వల్ల ఇంకో మేలు జరిగింది. రాసినవాటిలో కొన్నిటికి ఊపిరి పీల్చి వదిలితే పని అవ్వదు, కాగితం కదపాలి. విశాఖ డిస్ట్రిబ్యూటర్ బాకీ అలాంటిదే. 2024 ఫిబ్రవరి నాటికి 2 లక్షల 80 వేలు ఉంది, అంతా అంతకుముందు వేసవి నుంచి వేసిన సరుకుది. మా ఆడిటర్ చెప్పాడు: ఉద్యమ్ అని చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకి ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా కొన్నవాళ్ళు డబ్బు కట్టాలి. అది 2006 నాటి చట్టమే. ఆ ఏడాది నుంచి ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) అని కొత్త క్లాజు కూడా వచ్చింది. గడువు లోపల కట్టకపోతే ఆ కొనుగోలు ఖర్చుని కట్టిన ఏడాది దాకా లెక్కలో చూపించుకోలేరు, అంటే పన్ను పెరుగుతుంది. అప్పట్లో ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ అడగొచ్చు. ఉద్యమ్ సర్టిఫికెట్ జత చేసి, మర్యాదగానే, ఒక ఉత్తరం పంపాను. పంపే ముందు రెండు రోజులు కడుపులో తిప్పింది. మార్చి 31 లోపల రెండు విడతల్లో డబ్బు మొత్తం వచ్చింది.

ఆ తర్వాత వాళ్ళ ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నేను భయపడ్డది భయపడ్డట్టే జరిగిందన్నమాట. ఆ లోటు పూడ్చుకోవడానికి ఛత్రపురం, అస్కా, రాయగడ కొట్లు పట్టుకోవడంలో ఏడెనిమిది నెలలు పోయాయి. చిన్న ఆర్డర్లు, కానీ డబ్బు చేతికి వస్తుంది.

డ్రయ్యర్ కొనుక్కోవచ్చుగా అని అందరూ అడుగుతారు. కొన్నాను. చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ అనే పథకం కింద బ్యాంకు లోన్ తీసుకున్నాను, ఖర్చులో 35 శాతం సబ్సిడీ వచ్చింది. డ్రయ్యర్ వచ్చిన మొదటి నెల నేను మబ్బుల వైపు చూడనేలేదు. కరెంటు మీటరు వైపు చూశాను. లైట్లు ఒక్క క్షణం మసకబారితే గుండె జారేది. మేడమ్‌కి చెప్తే పకపకా నవ్వి, "మీ గుబులు అద్దె ఇల్లు మారిందన్నమాట" అంది.

2024 వేసవికి ఎంత బాగున్నానంటే, బడా బజార్‌కి ఒక్కదాన్నే వెళ్ళి ఇంగువ కొట్లో పావుగంట బేరమాడాను. అందుకే సెప్టెంబరులో మాత్రలు నేనే ఆపేశాను, ఎవరినీ అడక్కుండా. నాలుగు రోజులకి తల తిరగడం, తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం. మూడు వారాలకి పాత మూడు గంటల మెలకువ. అక్టోబరు నాలుగో వారంలో దానా తుఫాను వార్తలు మొదలయ్యాయి. అది 24 రాత్రి దాటాక భితరకనికా, ధామ్రా మధ్య తీరం దాటింది, మాకు ఎంతో దూరం. నేను మాత్రం రెండు రాత్రులు పాత చోటే, మెట్ల కింద, ఫోను పట్టుకుని కూర్చున్నాను.

రెండో రాత్రి అత్త వచ్చి పక్కన కూర్చుంది. మోకాళ్ళతో కింద కూర్చోలేదు కదా, పీట తెచ్చుకుంది. "తొంభైతొమ్మిది గాలి నీకు తెలీదు" అంది. 1999 అక్టోబరులో పారదీప్ వైపు మహాతుఫాను రావడానికి పన్నెండు రోజుల ముందు మా గోపాలపూర్ దగ్గరే ఇంకో తుఫాను దాటింది. మా మావయ్య పోయింది ఆ ముందు ఏడాదే. "ఆ గాలి తర్వాత రెండేళ్ళు నాకు నిద్రలేదు. గుండె ఇలాగే కొట్టుకునేది. లేచి అప్పడాలు ఒత్తుకునేదాన్ని. తెల్లారేసరికి రెండు కిలోలు. అందరూ కష్టజీవి అన్నారు. నేనూ అదే అనుకున్నానే. పెద్ద రోగం అనుకోలేదు." కాసేపు ఊరుకుని, "నీ మాత్రలు ఎక్కడున్నాయి?" అంది.

డాక్టరమ్మ తిట్టలేదు. అందరూ ఈ పని చేస్తారంది. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి పూర్తిగా కుదుటపడ్డాక ఏడాది దాకా వాడి, అప్పుడు మెల్లగా తగ్గిద్దామంది. తగ్గిస్తున్నాం. పోయిన నెల నుంచి సగం డోసు. కాస్త దడగా ఉంది, పుస్తకంలో రాస్తున్నాను. టీ మూడుకి పెరిగింది, అది ఆవిడకి చెప్పలేదు. ఓపీ మళ్ళీ వచ్చే మంగళవారం. ఆ రోజే రాయగడ లోడు పంపాలి, దాన్ని పెద్దావిడ చూసుకుంటానంది. ఏ కట్ట ఎన్ని కిలోలో కాగితం మీద రాసివ్వబోతే, "నాకు తెలుసులే అప్పా, నువ్వు ఎల్లు" అంది.